డిప్రెషన్‌కు మీకు పనిచేసే చికిత్సను పట్టుకోవడం ఎలా?

"మందులు వాడాను, లాభం లేదు" అనే మాట డిప్రెషన్ ఉన్నవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. ఏ మందు, ఎంత డోసు, ఎన్ని వారాలు అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే. పేరు గుర్తు లేదు, రోజుకో చిన్న మాత్ర, పది పదిహేను రోజులు వేసుకున్నాక కడుపులో తిప్పుతోందని ఆపేశారు. కౌన్సెలింగ్ సంగతీ అంతే. రెండుసార్లు వెళ్లారు, మాట్లాడి వచ్చారు, మూడోసారి వెళ్లబుద్ధి కాలేదు. ఇలా సగంలో వదిలేసినవన్నీ "ఇదీ పని చేయలేదు" అనే ఖాతాలో పడిపోతాయి. ఆ ఖాతా పెరిగేకొద్దీ, అసలు తనకు నయమే కాదేమో అన్న భయం పెరుగుతుంది.

ఎవరికి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పగల రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ ఇప్పటికీ లేదు. కాబట్టి వెతుకులాట తప్పదు. ఆ వెతుకులాట గుడ్డిగా సాగకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లో ఉంది. ఏ చికిత్సైనా సరిపడా మోతాదులో, సరిపడా కాలం, కొలుచుకుంటూ వాడాలి. ముందే అనుకున్న తేదీకి ఫలితం కనిపించకపోతే మొహమాటపడకుండా మార్చాలి. ఇక్కడ చెప్పేదంతా ఈ పనిని ఎలా చేయాలన్నదే.

వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉండి, ఎలా అన్నది కూడా మనసులో రూపు కడుతుంటే, చదవడం ఆపి ఇప్పుడే ఎవరికో ఒకరికి చెప్పండి. పక్కన ఒక మనిషిని ఉండమనండి. దాచిన మాత్రలు, పురుగుమందు, తాడు లాంటివి ఏవైనా అందుబాటులో ఉంటే వేరేవాళ్ల చేతికి ఇచ్చి పంపించేయండి. ప్రాణం తీసుకోవాలన్న ఉధృతి చాలామందిలో కాసేపటికో కొన్ని గంటలకో తగ్గుతుంది. ఆ సమయంలో సాధనం చేతికి అందకపోవడమే ప్రాణాన్ని కాపాడుతుంది. ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా మీ దేశంలోని ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఆ నంబరు ఫోన్‌లో ముందే సేవ్ చేసి ఉంచుకోవడం మంచిది. కష్టకాలంలో వెతికే ఓపిక ఉండదు.

మొదట ఒక అంకె కావాలి

డిప్రెషన్‌లో జ్ఞాపకం నమ్మదగింది కాదు. నాలుగు వారాల కిందటి కంటే ఇప్పుడు కాస్త మెరుగ్గా ఉన్నా, ఆ రోజు బాగోలేకపోతే "ఏం మారలేదు" అనే అనిపిస్తుంది. అందుకే పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళిని వాడుకోండి. 2001లో వచ్చిన దీన్ని ఇప్పుడు ప్రపంచమంతటా డాక్టర్లు వాడుతున్నారు, ఉచితంగానే దొరుకుతుంది. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి. పనుల మీద ఆసక్తి, దిగులు, నిద్ర, అలసట, ఆకలి, తన మీద తనకున్న చిన్నచూపు, ఏకాగ్రత, మాటలో కదలికలో మందగించడం లేదా కుదురులేకపోవడం, చనిపోతే బాగుండునన్న ఆలోచన. ఒక్కోదానికి "అస్సలు లేదు" అయితే 0, "కొన్ని రోజులు" అయితే 1, "సగం రోజుల కంటే ఎక్కువ" అయితే 2, "దాదాపు ప్రతిరోజూ" అయితే 3. మొత్తం 27.

5 నుంచి 9 దాకా తేలిక, 10 నుంచి 14 దాకా మధ్యస్థం, 15 నుంచి 19 దాకా ఒక మోస్తరు తీవ్రం, 20, ఆపైన తీవ్రం. ఈ అంకె ఒక్కటే రోగనిర్ధారణ కాదు. చికిత్స మొదలుపెట్టేరోజు ఎంత ఉంది, రెండు వారాలకొకసారి ఎలా కదులుతోంది అన్నదే దీని అసలు ఉపయోగం. ప్రతిసారీ వారంలో అదే రోజున, దాదాపు అదే సమయానికి నింపండి. తొమ్మిదో ప్రశ్నకు 1 అయినా వస్తే, మొత్తం ఎంత తక్కువగా ఉన్నా, డాక్టరుకు నోటితో చెప్పండి. కాగితం మీద రాశాం కదా, ఆయనే చూస్తారులే అని ఊరుకోవద్దు.

గమ్యం కూడా అంకెల్లోనే పెట్టుకోవాలి. స్కోరు సగానికి తగ్గితే మందు పనిచేస్తోందని లెక్క. 5 కంటే కిందికి వస్తే పూర్తిగా తగ్గినట్టు. చాలామంది సగం తగ్గగానే "పర్వాలేదు, ఇంతే చాలు" అని అక్కడే ఆగిపోతారు, డాక్టర్లూ ఆగిపోతారు. ఇది పెద్ద నష్టం. మిగిలిపోయిన నిద్రలేమి, నిస్సత్తువలే మళ్లీ జబ్బు తిరగబెట్టడానికి దారి వేస్తాయి.

డిప్రెషనేనా, ఇంకేదైనానా?

ఎన్ని మందులు మార్చినా తగ్గకపోవడానికి ఒక ముఖ్య కారణం, అసలు సమస్య వేరే కావడం. మొదటి మందు రాసేలోపే కొన్ని సులువైన రక్తపరీక్షలు చేయించుకోవాలి. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, రక్తహీనతకు హిమోగ్లోబిన్, విటమిన్ బి12, షుగర్. వయసు మీద పడినవాళ్లకు సోడియం కూడా, ఎందుకో కింద చెప్తాం. గట్టిగా గురక పెట్టి, పొద్దున లేచినా నిద్ర తీరనట్టుండి, పగలు కునుకు తీసేవాళ్లకు నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూడాలి. అది ఉంటే ఎన్ని యాంటీడిప్రెసెంట్లు (డిప్రెషన్ తగ్గించే మందులు) వేసినా అలసట పోదు. స్టెరాయిడ్ మందులు, ఇంటర్‌ఫెరాన్ లాంటివి కూడా మనసును కుంగదీస్తాయి. కాబట్టి వేరే జబ్బులకు వాడుతున్న మందులన్నీ డాక్టరు ముందు పెట్టండి.

మద్యం గురించి నిజం చెప్పండి. రోజూ తాగుతూ డిప్రెషన్‌కు మందు వాడితే, మందు పనిచేస్తోందో లేదో ఎవరూ చెప్పలేరు. తాగుడు మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి దిగులు చాలావరకు తగ్గిపోతుంది. అప్పుడు అసలు డిప్రెషన్ ఎంతో తేలుతుంది. అయితే రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.

అన్నిటికంటే ముఖ్యంగా తేల్చుకోవాల్సింది బైపోలార్ సంగతి. ఈ జబ్బులో ఒకప్పుడు కుంగుబాటు, మరొకప్పుడు ఉత్సాహం కట్టలు తెంచుకోవడం ఉంటాయి. కానీ మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేది కుంగిపోయినప్పుడే. ఉత్సాహం ఉన్న రోజుల్ని ఎవరూ జబ్బనుకోరు కాబట్టి చెప్పరు. మిమ్మల్ని మీరు, ఇంకా మంచిది మీ ఇంట్లోవాళ్లను, ఇలా అడగండి: ఎప్పుడైనా వరుసగా నాలుగు రోజులో అంతకంటే ఎక్కువో, మూడు నాలుగు గంటలే నిద్రపోయినా అలసట లేకుండా, గలగలా మాట్లాడుతూ, బుర్రనిండా పథకాలతో, చేతికి అందినంత ఖర్చు పెడుతూ గడిపిన కాలం ఉందా? దగ్గరి రక్తసంబంధీకుల్లో బైపోలార్ ఉందా? గతంలో యాంటీడిప్రెసెంట్ వేసుకోగానే నిద్ర పోయి, చిరాకు, హడావుడి పెరిగాయా? వీటిలో ఒక్కదానికి "అవును" వచ్చినా డాక్టరుకు చెప్పి తీరాలి. బైపోలార్‌లో యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే మేనియా, అంటే ఆ కట్టలు తెంచుకున్న ఉత్సాహం వైపు నెట్టేయవచ్చు. దానికి వాడేవి వేరు: లిథియం, క్విటియాపిన్, లామోట్రిజిన్ వంటివి.

డాక్టరు గదిలో ఆ పది నిమిషాలు

తేలికపాటి నుంచి మధ్యస్థ డిప్రెషన్‌కు మామూలు ఫిజీషియన్ కూడా చికిత్స మొదలుపెట్టగలరు. చనిపోవాలన్న ఆలోచనలు, లేని మాటలు వినిపించడం, బైపోలార్ అనుమానం, గర్భం లేదా ఈమధ్యే కాన్పు, అప్పటికే రెండు మందులు వాడినా తగ్గకపోవడం, వీటిలో ఏది ఉన్నా నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లాలి. మందులు రాసేది సైకియాట్రిస్ట్. సైకాలజిస్ట్ సాధారణంగా మందులు రాయరు, థెరపీ చేస్తారు. ఇద్దరూ అవసరం పడవచ్చు.

వెళ్లేటప్పుడు ఒక్క పేజీ రాసుకెళ్లండి. కుంగిన మనసుతో కుర్చీలో కూర్చున్నాక సగం గుర్తుకు రాదు. ఆ పేజీలో ఉండాల్సినవి: ఎప్పటి నుంచి, ఇవాళ్టి పీహెచ్‌క్యూ-9 స్కోరు, ఇంతకుముందు ఇలా వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, వారికి ఏ మందుతో తగ్గింది, మీరు వాడుతున్న మందులన్నీ. ఇదివరకు చికిత్స తీసుకుని ఉంటే ప్రతి మందుకూ ఒక వరుస. ఉదాహరణకు, "సెర్ట్రలిన్, 50 మి.గ్రా., 3 వారాలు, స్కోరు 17 నుంచి 16, వికారం, నేనే ఆపేశాను" అని రాస్తే, ఈ మందును ఇంకా సరిగ్గా ప్రయత్నించలేదని డాక్టరుకు ఒక్క చూపులో అర్థమవుతుంది. "సెర్ట్రలిన్ పడలేదు" అని మాత్రమే చెబితే మంచి మందు ఒకటి అనవసరంగా జాబితాలోంచి పోతుంది. పాత చీటీలు, మాత్రల అట్టలు పారేయకండి.

బయటికి వచ్చేలోపు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి: డోసు ఎప్పుడు, ఎంతకు పెంచుతారు? ఏ తేదీకల్లా మార్పు కనిపించకపోతే వేరే దారి చూస్తాం? ఏ లక్షణం వస్తే వెంటనే ఫోన్ చేయాలి? మళ్లీ ఎప్పుడు రావాలి? మొదటి ఫాలోఅప్ రెండు వారాల్లోపే ఉండాలి. ఇరవై అయిదేళ్లలోపు వయసువాళ్లకు, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు ఒక్క వారంలోనే. "మూడు నెలల తర్వాత రండి" అని తొలి చీటీతోనే పంపించేస్తే, ముందుగా రావచ్చా అని మీరే అడగండి.

మందులా, థెరపీనా?

తేలికపాటి డిప్రెషన్‌కు థెరపీ, క్రమం తప్పని వ్యాయామం, నిద్రవేళల సర్దుబాటుతో మొదలుపెట్టడం సరైన పద్ధతే. మధ్యస్థానికి రెండింటిలో ఏదైనా. తీవ్రమైనదానికి, ఏళ్ల తరబడి ఉన్నదానికి రెండూ కలిపి చేస్తే, విడివిడిగా చేసినదానికంటే మేలు ఎక్కువ. మంచం దిగలేని స్థితిలో ఉన్నవాళ్లకు థెరపీ పాఠాలు తలకెక్కవు. ముందు మందుతో కాస్త లేవనిచ్చి, ఆ తర్వాత థెరపీ మొదలుపెట్టడం మంచిది.

మందును సరిగ్గా పరీక్షించడం

ఏ మందు గొప్పది అన్న ప్రశ్నకు ఉన్న పెద్ద సమాధానం 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 21 యాంటీడిప్రెసెంట్లు, 522 ప్రయోగాలు, సుమారు 1,16,000 మంది. అన్ని మందులూ మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. సగటున ఆ మేలు ఓ మోస్తరుగానే ఉంది, మందుకూ మందుకూ మధ్య తేడా ఇంకా చిన్నది. కాబట్టి మొదటి మందును ఎంచుకోవాల్సింది ప్రధానంగా సైడ్ ఎఫెక్టులను బట్టి. నిద్ర, ఆకలి రెండూ పోయినవాళ్లకు రాత్రిపూట మిర్టజపిన్ నప్పుతుంది. బరువు పెరగకూడదనుకునేవాళ్లకు అది నప్పదు. ఒళ్లు నొప్పులు కూడా ఉంటే డులోక్సెటిన్. లైంగిక ఇబ్బందులు వద్దనుకుంటే బుప్రోపియాన్, కానీ ఫిట్స్ ఉన్నవాళ్లకు, తిండి రుగ్మతలున్నవాళ్లకు అది ఇవ్వకూడదు. మాత్రలు మర్చిపోయే అలవాటున్నవాళ్లకు ఫ్లూఒక్సెటిన్ మేలు, అది ఒంట్లో చాలా రోజులు నిలిచి ఉంటుంది. పాలిచ్చే తల్లులకు ఎక్కువగా ఎంచుకునేది సెర్ట్రలిన్. పాతకాలపు అమిట్రిప్టిలిన్ పనిచేస్తుంది గానీ, ఒకేసారి ఎక్కువ మింగితే గుండెకు ప్రమాదం. ఆత్మహత్య ఆలోచనలున్న ఇంట్లో అది ఉండకపోవడమే మంచిది.

డోసు విషయంలో జరిగే తప్పే అన్నిటికన్నా ఎక్కువ. ఎస్సిటలోప్రామ్ 5 లేదా 10 మిల్లీగ్రాములతో మొదలై 20 దాకా వెళ్తుంది. 65 దాటినవాళ్లకు సాధారణంగా 10 దాటించరు. సెర్ట్రలిన్ 25 లేదా 50తో మొదలై 200 దాకా. వెన్లాఫాక్సిన్ 37.5తో మొదలై 75, 150, 225. దీనితో బీపీ పెరగవచ్చు కాబట్టి చూపించుకుంటూ ఉండాలి. మొదటి డోసు ఒంటికి అలవాటు కావడానికి ఇచ్చేది. చాలామంది ఆ మొదటి డోసులోనే నెలల తరబడి ఉండిపోతారు. మీరే పెంచుకోవద్దు, కానీ "ఈ డోసు సరిపోతుందా?" అని అడగడం మీ హక్కు.

తొలి వారం, పది రోజులు కాస్త కష్టం. వికారం, తలనొప్పి, విరేచనాలు, నిద్ర చెడటం, కొందరికి ఆందోళన పెరగడం. మేలు ఇంకా కనిపించదు, కీడు మాత్రం కనిపిస్తుంది. ఎక్కువమంది ఆపేసేది ఇక్కడే. ఏదైనా తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిద్ర చెడితే పొద్దున, మగతగా ఉంటే రాత్రి వేసుకోండి. ఈ ఇబ్బందుల్లో చాలావరకు రెండు వారాల్లో సర్దుకుంటాయి. సర్దుకోనివీ ఉన్నాయి. కోరిక తగ్గడం, భావప్రాప్తి ఆలస్యం కావడం మందు వాడినంత కాలం ఉండిపోవచ్చు. సిగ్గుపడి చెప్పకుండా మందు మానేసేవాళ్లు ఎక్కువ. చెబితే డోసు తగ్గించడమో మందు మార్చడమో చేయవచ్చు.

ఆగకుండా ఫోన్ చేయాల్సినవి వేరు. కాలుగాలిన పిల్లిలా ఒకచోట నిలవలేనంత అశాంతి, కొత్తగా చనిపోవాలన్న ఆలోచనలు (ఇరవై అయిదేళ్లలోపు వాళ్లలో తొలి వారాల్లో ఈ ముప్పు ఉంది, 2004లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలు, కౌమారుల విషయంలో మందుల పెట్టెల మీద హెచ్చరిక వేయించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల దాకా పొడిగించింది), నిద్ర అవసరమే లేనట్టుండే అతి ఉత్సాహం, జ్వరంతోపాటు వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, తికమక. పెద్ద వయసువాళ్లు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో తికమకపడుతున్నా, తూలిపోతున్నా ఈ మందుల వల్ల రక్తంలో సోడియం పడిపోయిందేమో చూడాలి.

కలపకూడనివి: నొప్పికి వాడే ట్రమడాల్, దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథోర్ఫాన్, సెయింట్ జాన్స్ వార్ట్ అనే మూలిక. ఇవి సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని ప్రమాదకరంగా పెంచవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి ఎస్ఎస్ఆర్ఐ మందులతో (ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఒక్సెటిన్ ఈ రకమే) కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వాడక తప్పకపోతే డాక్టరును అడిగి వాడండి.

ఇక క్యాలెండరు. మొదలుపెట్టినరోజు స్కోరు 18 అనుకుందాం. రెండో వారం: వేసుకోగలుగుతున్నారా, సైడ్ ఎఫెక్టులు భరించదగ్గవేనా అన్నదే చూడాలి. నాలుగో వారం: కనీసం అయిదోవంతు, అంటే 14 దగ్గరికి రావాలి. రాకపోతే, రోజూ వేసుకుంటున్నట్టయితే, డోసు పెంచాలి. ఆరు నుంచి ఎనిమిదో వారం: 9 లేదా అంతకంటే తక్కువకు రావాలి. 16 దగ్గరే నిలిచిపోయి ఉంటే ఇక ఆ మందుతో నెలలు గడపడం అనవసరం. 11, 12 దగ్గర ఉంటే ఇంకో మందో థెరపీనో జోడించడం మంచిది. ఈ తేదీలు మందు మొదలుపెట్టినరోజే గోడ క్యాలెండరు మీద రాసుకోండి. తేదీ లేకపోతే "ఇంకో నెల చూద్దాం" అనే మాటతో ఏడాది గడిచిపోతుంది.

అల్‌ప్రజోలామ్, క్లోనజిపామ్ లాంటివి డిప్రెషన్‌కు మందులు కావు. మొదటి రెండు మూడు వారాలు ఆందోళన, నిద్రలేమి తట్టుకోవడానికి తోడుగా ఇస్తారు. వేసుకున్న గంటలోనే హాయిగా ఉంటుంది కాబట్టి జనం అసలు మందు మానేసి వీటినే పట్టుకుంటారు. అలవాటు పడేది వీటికి. "మందులకు బానిసైపోతాం" అన్న భయం పెట్టుకోవాల్సింది ఈ మాత్రల విషయంలోనే. యాంటీడిప్రెసెంట్లకు అలాంటి వ్యసనం ఉండదు, కాకపోతే హఠాత్తుగా ఆపితే ఒళ్లు ఎదురు తిరుగుతుంది.

జన్యు పరీక్ష చేసి మీకు నప్పే మందు చెప్తామనే ప్రకటనలు కనిపిస్తుంటాయి. సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 అనే జన్యువులు కొన్ని మందులు ఒంట్లో ఎంత వేగంగా కరుగుతాయో చెప్పగలవు. మామూలు డోసుకే విపరీతమైన సైడ్ ఎఫెక్టులు వచ్చేవాళ్లకు అది ఉపయోగపడొచ్చు. ఏ మందు మీ దిగులు తగ్గిస్తుందో మాత్రం అవి చెప్పలేవు.

థెరపీని ఎంచుకోవడం, నడిపించడం

మనసులో ఉన్నదంతా చెప్పుకోవడం ఊరటనిస్తుంది, కానీ అది ఒక్కటే థెరపీ అయిపోదు. డిప్రెషన్‌కు బాగా రుజువైన పద్ధతులకు ఒక చట్రం ఉంటుంది. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చడం నేర్పే సీబీటీ సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు, మనుషులతో సంబంధాల మీద పనిచేసే ఇంటర్‌పర్సనల్ థెరపీ 12 నుంచి 16. థెరపిస్టును మొదటి రోజే అడగండి: ఏ పద్ధతి వాడతారు? ఎన్ని సెషన్లు? ఇంటి దగ్గర చేయాల్సిన పని ఉంటుందా? మెరుగుదలను ఎలా కొలుస్తారు? వీటికి సూటిగా జవాబు ఇవ్వని చోట నెలలు గడపవద్దు. ఆరు సెషన్లు అయ్యేసరికి స్కోరు అసలు కదలకపోతే ఆ మాట థెరపిస్టుతోనే అనండి. మంచి థెరపిస్టు నొచ్చుకోరు, పద్ధతి మారుస్తారు లేదా వేరొకరి దగ్గరికి పంపుతారు.

థెరపిస్టు దొరకడం ఆలస్యమయ్యేవాళ్లు ఈలోపు మొదలుపెట్టగలిగినది బిహేవియరల్ యాక్టివేషన్. 2016లో బ్రిటన్‌లో 440 మందితో జరిగిన కోబ్రా అధ్యయనంలో, పెద్దగా అనుభవం లేని కార్యకర్తలు నేర్పిన ఈ పద్ధతి, నిపుణులు చేసిన సీబీటీకి తీసిపోలేదు. దీని కీలకం సులభం. డిప్రెషన్‌లో మనిషి పనులు మానేస్తాడు, మానేసినకొద్దీ సంతోషం ఇచ్చే సందర్భాలు కరువై ఇంకా కుంగుతాడు. మనసు బాగుపడ్డాక లేద్దాం అని కూర్చుంటే అది బాగుపడదు. ముందు లేవాలి, మనసు వెనకాలే వస్తుంది.

మొదటి వారం ఏమీ మార్చకండి. గంటగంటకూ ఏం చేశారో నాలుగు మాటల్లో రాసి, పక్కన మనసు ఎలా ఉందో 0 నుంచి 10లో అంకె వేయండి. "10-12: మంచం మీద ఫోన్ చూస్తూ, 2. 5-5:20: మొక్కలకు నీళ్లు, 4. 9-11: పడుకుని పాత విషయాలు తలుచుకుంటూ, 1." వారం చివర ఈ కాగితాన్ని చూస్తే, 4 వచ్చిన ఘడియలు ఏ పని పక్కన ఉన్నాయో కనబడతాయి. రెండో వారం అలాంటివి రెండు మూడు ఎంచుకుని రోజు, గంట రాసి పెట్టుకోండి. "రేపు వ్యాయామం" అని రాస్తే జరగదు. "మంగళవారం ఉదయం 7 గంటలకు చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా" అని రాస్తే జరుగుతుంది. అది కూడా కుదరకపోతే సగం చేయండి: చెప్పులు వేసుకుని గుమ్మం దాకా. అంతకీ కాకపోతే ఇంకా సగం.

ఇందులో చెడేది మూడు చోట్ల. మొదటి వారమే పెద్ద లక్ష్యం పెట్టుకోవడం, అది జరగకపోయేసరికి తనను తాను తిట్టుకోవడం. బాధ్యతలు మాత్రమే రాసుకుని ఇష్టమైనవి ఒక్కటీ రాయకపోవడం. పని చేస్తూనే మనసులో పాత బాధను నమలడం. మూడోదానికి, చేతులూ మాటా రెండూ కావాల్సిన పని ఎంచుకోండి, ఇంకొకరితో కలిసి చేసేది అయితే మరీ మంచిది. చేసిన వెంటనే ఆనందం కలగకపోవచ్చు. 1 కాస్తా 2 అయితే ఆ వారానికి అది లాభమే.

వ్యాయామం కూడా ఈ పట్టికలోనే పెట్టండి. వారానికి మూడు సార్లు, 30 నుంచి 45 నిమిషాలు, మాట్లాడగలిగినా పాడలేనంత ఆయాసం వచ్చేలా.

మొదటిది పనిచేయకపోతే

ఇది మామూలే, ముందే తెలిసి ఉండటం మంచిది. అమెరికాలో సుమారు 4,000 మందితో జరిగి 2006లో వెలువడిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా తగ్గింది దాదాపు మూడోవంతు మందికే. మిగిలినవాళ్లలో రెండో ప్రయత్నానికి మరో 30 శాతం మందికి తగ్గింది. మూడు, నాలుగో ప్రయత్నాల్లో ఒక్కోసారి 13, 14 శాతానికి. నాలుగూ కలిపి 67 శాతం అని అప్పటి లెక్క. అదే సమాచారాన్ని 2023లో మళ్లీ లెక్కగట్టినవాళ్లు అది 35 శాతమేనన్నారు. ఏ లెక్క తీసుకున్నా, మొదటిది పనిచేయనివాళ్లలో కొందరికి తర్వాతిది పనిచేసింది. కాకపోతే ఒకే రకం మందులు తిప్పి తిప్పి వాడుతూ ఉంటే మాత్రం అవకాశం తగ్గుతూ పోతుంది. రెండు సరైన ప్రయత్నాలు విఫలమయ్యాక దారి మార్చి ఆలోచించాలి.

మార్చేముందు, ప్రయత్నం నిజంగానే సరైనదా అని చూడండి. వారంలో ఎన్ని మాత్రలు తప్పాయి? డోసు పెరిగిందా? మద్యం ఉందా? థైరాయిడ్ చూశారా? బైపోలార్ ప్రశ్న మళ్లీ అడిగారా? మనిషిని రోజూ నలిపేస్తున్న హింసో అప్పో ఇంట్లో ఉంటే మాత్రల డోసు దాన్ని తీర్చదు, దానికి వేరే సాయం కావాలి.

మేలు ఏమాత్రం లేకపోతే మందు మార్చడం, సగం మేలుంటే ఇంకొకటి జోడించడం పద్ధతి. జోడించేవాటిలో బాగా పరీక్షించినవి లిథియం, అరిపిప్రజోల్, క్విటియాపిన్. లిథియంకు రక్తపరీక్ష తప్పదు. చివరి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, ఈ పనికి సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ ఉండేలా చూస్తారు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా ఉంటాయి. వాంతులు, విరేచనాలైనా, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడినా లిథియం ఒంట్లో పెరిగిపోయి విషం కావచ్చు. అరిపిప్రజోల్ 2 మిల్లీగ్రాముల లాంటి చిన్న డోసుతో మొదలుపెడతారు, కుదురులేనితనం వస్తే చెప్పాలి. క్విటియాపిన్‌తో మగత, బరువు, షుగర్ చూసుకోవాలి.

ఈసీటీ అంటే మెదడుకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి, అదుపులో ఫిట్ తెప్పించే చికిత్స. ఆ పేరు వినగానే సినిమాల్లో చూపించిన షాక్ ట్రీట్‌మెంట్ కళ్ల ముందు మెదిలి జనం బెదిరిపోతారు. ఇప్పుడు చేసేది మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి. ఫిట్ సాధారణంగా ఒక నిమిషం లోపే ముగుస్తుంది. వారానికి రెండు మూడు చొప్పున మొత్తం 6 నుంచి 12 దాకా. తిండీ నీళ్లూ మానేసినవాళ్లకు, బొమ్మలా బిగుసుకుపోయినవాళ్లకు, భ్రమలతో కూడిన డిప్రెషన్‌కు ఇంతకంటే వేగంగా, బలంగా పనిచేసే చికిత్స లేదు. అలాంటివారికి దీన్ని చివరిదాకా వాయిదా వేయడం అన్యాయం. మరుపు దీని నిజమైన ఇబ్బంది. చికిత్స జరిగిన వారాల జ్ఞాపకాలు కొన్ని పోవచ్చు, కొందరికి అంతకుముందు నెలలవి కూడా. కుడివైపు మాత్రమే ఎలక్ట్రోడ్లు పెట్టే పద్ధతిలో మరుపు తక్కువ, అది వీలవుతుందా అని అడగండి. ఆపాక మందు కొనసాగించకపోతే జబ్బు త్వరగా తిరగబెడుతుంది.

ఆర్‌టీఎంఎస్‌లో మత్తు అక్కర్లేదు. అయస్కాంత తరంగాలను తల మీద ఒక చోట ఇస్తారు. వారానికి అయిదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. తలలో లోహపు క్లిప్పులు, వినికిడి కోసం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు పనికిరాదు. కెటమిన్ అనే మత్తుమందును కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున 40 నిమిషాల్లో నరంలోకి ఎక్కిస్తారు. ముక్కులో కొట్టే ఎస్‌కెటమిన్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. వీటి మేలు గంటల్లోనో రోజుల్లోనో కనిపిస్తుంది, కానీ ఒక్క డోసు మేలు కొద్ది రోజులే నిలుస్తుంది. బీపీ పెరుగుతుంది, మనసు ఒంటి నుంచి విడిపోయినట్టు అనిపిస్తుంది, కాబట్టి కనీసం రెండు గంటలు పర్యవేక్షణ ఉండాలి. ఆ రోజు బండి నడపకూడదు. పర్యవేక్షణ లేకుండా ఇంటికి మందు పంపే చోట్ల తీసుకోవద్దు.

తగ్గాక ఏం చేయాలి

స్కోరు 5 కిందికి వచ్చినరోజు మందు ఆపే రోజు కాదు. అదే డోసులో ఇంకో 6 నుంచి 12 నెలలు కొనసాగించాలి. రెండు మూడు సార్లు తిరగబెట్టినవాళ్లు, తీవ్రంగా వచ్చినవాళ్లు కనీసం రెండేళ్లు. ఆపేటప్పుడు కొలమానాన్ని గుర్తుంచుకోండి: మందు ప్రభావం డోసుతోపాటు సమానంగా తగ్గదు. ఎస్సిటలోప్రామ్ 20 నుంచి 10కి దిగితే ఒంటికి తెలిసే తేడా తక్కువ, 5 నుంచి సున్నాకు దిగితే చాలా ఎక్కువ. అందుకే కిందికి వచ్చేకొద్దీ మెట్లు చిన్నవి కావాలి. 20, 15, 10, 5, 2.5 అలా, ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు, ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఇంకా ఎక్కువ. చిన్న డోసులకు ద్రవ రూపంలో ఉన్న మందు అనుకూలం. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రలను నలగ్గొట్టకూడదు. రోజు విడిచి రోజు వేసుకోవడం తగ్గించే పద్ధతి కాదు, పరోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివాటిలో అది రెండో రోజుకే ఇబ్బంది పెడుతుంది.

తగ్గించిన రెండు నుంచి నాలుగు రోజుల్లో కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, చిరాకు, వింత కలలు వస్తే అది చాలావరకు మందు తగ్గినందువల్లే. పాత డోసు వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వారాలు గడిచాక మెల్లగా ఆసక్తి పోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, మనుషుల్ని తప్పించుకోవడం మొదలైతే జబ్బు తిరగబెడుతోందని అనుమానించాలి. ఆపిన తర్వాత ఆరు నెలల దాకా నెలకొకసారి పీహెచ్‌క్యూ-9 నింపండి. 10 దాటితే ఇంకో వారం చూద్దామనుకోకుండా డాక్టరును కలవండి. మీకు అందరికంటే ముందు కనిపించే లక్షణాలు రెండు మూడు, ఏ మందు ఎంత డోసులో పనిచేసిందో, ఒక కాగితం మీద రాసి, మీతోపాటు ఉండే ఒకరికి ఇవ్వండి. చాలాసార్లు మార్పును మీకంటే ముందు కనిపెట్టేది వాళ్లే.